పచ్చ పద్ధతి

మందుల కంపెనీలో బిళ్ళలు పరీక్ష చేసే విభాగం. పెద్దసారు గది. మధ్యాహ్నం మూడు గంటలు, తలుపు వేసి ఉంది. బల్ల వెనక కూర్చున్నది సారు. ఎదురుగా నిలబడ్డది ఆయన అక్క మొగుడు, అదే విభాగంలో అనలిస్టు.

"ఊదు."

"ఏంటి సార్?"

"నోరు తెరిచి ఊదు. హా అని. ఇటు, నా మొహం మీదకి."

"సార్, పొద్దున్నుంచీ మెషీన్ దగ్గరే ఉన్నా. టీ తాగా, అంతే."

"టీ సంగతి నేనడిగానా? ఊదమన్నా."

"హా."

"గట్టిగా."

"హా... చాలా?"

"యాలక్కాయ నమిలినట్టున్నావే."

"యాలక్కాయా? నేను మానేసి ఐదేళ్ళయిందిరా బామ్మర్దీ, ఇంకా ఆ పాత..."

"సార్."

"...ఐదేళ్ళయింది సార్."

"తలుపేసి ఉన్నా తీసి ఉన్నా ఇక్కడ నేను సారునే. కుర్చీ లాక్కోకు బావా. కూర్చోమనలేదు."

"మరి మీరు బావా అంటున్నారు."

"నేనంటా. నువ్వనకూడదు. ఇలా రా, ఇది చూడు. ఏంటిది?"

"ఇథనాల్ రిజిస్టరు."

"రాత ఎవరిది?"

"నాదే."

"బీరువా తాళాలు ఎన్ని?"

"రెండు. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర."

"ఈ మూడు నెలల్లో ఎన్ని సీసాలు తీశావు?"

"ఆరు. సీసాకి రెండున్నర లీటర్లు. మొత్తం పదిహేను."

"నువ్వు నడిపిన పరీక్షలన్నిటికీ కలిపి ఎంత అవ్వాలి?"

"పద్నాలుగు లోపు అవ్వాలి."

"పదమూడు లీటర్ల ఎనిమిది వందలు. రెండుసార్లు కట్టి చూశా. మిగతా పన్నెండు వందల మిల్లీలీటర్లు ఏమైంది బావా? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"అది... ఇథనాల్ కదా సార్. కొంత ఆవిరవుతుంది."

"లీటరుపైన ఆవిరవుతుందా? ఎక్కడ, నీ కడుపులోనా?"

"సార్, ఆ మాటనకండి."

"ఏ మాట?"

"అదే. నేను తాగానని."

"నేనెక్కడన్నా? నువ్వే అన్నావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే."

"మీరు ఊదమన్నారు కదా! ఊదమని ఎందుకంటారు ఎవరైనా?"

"గొంతు తగ్గించు. అద్దాల అవతల కుర్రాళ్ళు చూస్తున్నారు."

"చూడనివ్వండి. వాళ్ళకీ తెలుసు. ఈ ఇథనాల్ పద్ధతి నాకొద్దు మొర్రో అని నేను మొత్తుకున్నది వాళ్ళందరూ విన్నారు. నలుగురం ఉన్నాం అనలిస్టులం. మిగతా ముగ్గురూ సీసా మొహం చూడనివాళ్ళు. వాళ్ళలో ఎవరికైనా ఇవ్వండని మీ కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. ఏమన్నారు మీరు?"

"ఏమన్నాను?"

"ఈతకి భయపడేవాణ్ణి నీళ్ళలోకే తొయ్యాలన్నారు."

"తోశా. ఈదావుగా?"

"ఈదా. ఎలా ఈదానో మీకు తెలియదు."

"తెలియకేం? ముక్కులో దూది పెట్టుకుని తిరిగావు నెల రోజులు. శవం లేచొచ్చి పిపెట్టు పట్టుకుందని కుర్రాళ్ళు ఒకటే నవ్వు."

"నవ్వితే నవ్వారు. పాత పద్ధతిలో ఎసిటోనైట్రైల్ వాడేవాళ్ళం. అది విషం. ఎవడూ దాని జోలికి పోడు. మూత తీసినా నాకేం అనిపించేది కాదు. మీరొచ్చి అది మంచిది కాదు, గాలికి చెడుపు, నేలకి చెడుపు, పారబొయ్యడానికి కూడా చోటు లేదు, దాని బదులు ఇథనాల్ వాడదాం అన్నారు."

"పర్యావరణానికి మంచిది."

"మంచిదే. నేను కాదన్లేదు. నా ఒక్కడికే చెడ్డది."

"మీటింగులో నేనన్నది గుర్తుందా? 'మందుని మందుతో పరీక్ష చేసే పద్ధతి' అని. అందరూ పడీపడీ నవ్వారు. నువ్వూ నవ్వావు."

"నవ్వకపోతే బాగోదని నవ్వా."

"ఆ నవ్వులోనే దొరికిపోతావు నువ్వు. సరే, ఇది చదువు."

"ఏంటిది?"

"చదువు. పైకి."

"'నేను విధుల్లో ఉండగా, పరీక్షలకి వాడే ఇథనాల్‌ని పలుమార్లు తాగినట్టు...' ఏంటి సార్ ఇది?"

"చదువు, చదువు."

"'...తాగినట్టు ఒప్పుకుంటున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు.' ఎవరు టైపు చేశారు ఇది?"

"నేనే. తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకో."

"అంతా తప్పే."

"రెండే వాక్యాలు. కింద సంతకం పెట్టు."

"పెట్టను."

"పెడితే ఇది ఈ గది దాటదు. ఒంట్లో బాగోలేదని నువ్వే మానేసినట్టు రాస్తా. పెట్టకపోతే పైవాళ్ళకి పంపాలి. సర్కారు లెక్కలో ఉండే ఆల్కహాల్ ఇది. రిజిస్టరు పట్టుకుని పోలీసులొస్తారు. ముసలితనంలో నీకవసరమా?"

"నాకు నలభై ఆరు."

"తాగినవాడికి అది అరవైతో సమానం. లివరుని అడిగి చూడు."

"సార్... ఒక్క మాట. ఉద్యోగం తీసెయ్యండి. రేపట్నుంచి రాను. మీ అక్కకి మాత్రం నేను తాగానని చెప్పకండి."

"చెప్పకపోతే ఎలా?"

"కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారని చెప్పండి. నాకు చేతకాదని చెప్పండి. పని రాదు, గాడిద అని చెప్పండి. నమ్ముతుంది."

"ఉద్యోగం పోయినా పర్లేదన్నమాట."

"పర్లేదు."

"నాకు తిరకాసు అక్కడే వచ్చింది బావా. కావాలంటే ఉద్యోగం ఉంచుతా. వేరే పనిలో వేస్తా, గోడౌన్లో. అక్కకి చెప్పకుండా ఉండడం మాత్రం కుదరదు."

"అదేంటి? ఉద్యోగం ఉంచి, ఆమెకి చెప్తారా? ఎందుకు?"

"అక్క నాకు అక్క కాబట్టి. దాని దగ్గర నేనేదీ దాచను."

"ఆమె తట్టుకోలేదు సార్. మానేస్తున్నానని ఆమె తల మీద చెయ్యేసి ఒట్టేశా. ఈ ఐదేళ్ళలో ఒక్క చుక్క..."

"ఒక్క చుక్క కాదు. పన్నెండు వందల మిల్లీలీటర్లు."

"తాగలేదంటుంటే!"

"నువ్వు తాగుతున్న రోజుల్లో కూడా ఇదే మాట, ఇదే గొంతు. కుక్కతోక బావా. ఎనిమిది నెలలు గొట్టంలో పెట్టి చూశా, వంకర పోలేదు."

"ఎనిమిది నెలలు నేనేం చేశానో చెప్పనా? ఇథనాల్ నీళ్ళలో కలిస్తే చిక్కబడుతుంది. మెషీన్‌లో ఉండే ఆ జానెడు గొట్టంలోంచి పోలేక పంపు మొరాయించేది, మెషీన్ ఆగిపోయేది. ఎవరికీ పాలుపోలేదు. మీకూ పాలుపోలేదు. గొట్టాన్ని యాభై డిగ్రీలకి వేడి చేసి దారికి తెచ్చింది ఎవరు?"

"నువ్వే."

"ఇరవై రెండు నిమిషాల పరీక్షని ఆరు నిమిషాలకి కుదించిందెవరు? రోజూ క్యాన్లకొద్దీ బయటికి పోయే విషం ఇవాళ ఒక్క చుక్క పోవట్లేదు. మీరే బొమ్మ గీసి చూపించారు కదా పైవాళ్ళకి. గుండ్రంగా ఉంటుంది, చెడు పద్ధతికి ఎరుపు, మంచి పద్ధతికి పచ్చ. మొత్తం పచ్చగా వచ్చింది. తాగినవాడి చేతుల్తో అయ్యే పనేనా అది? మిల్లీగ్రాములో వందో వంతు తేడా రాకూడదు. ఇవిగో చేతులు. వణుకుతున్నాయేమో చూడండి."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే ఉంటుంది. చేతులు దించు."

"చూడండి ముందు!"

"దించమన్నానా? ఎవరది? తలుపు కొడుతున్నారు. ఆఁ, రా!"

"గ్లాసులు కడిగి ఆరబెట్టా సార్. వ్యర్థాల క్యాన్ నిండింది. తీసుకుపోవాలంటే కాయితం మీద మీ సంతకం కావాలంట."

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా. తర్వాత పెడతా."

"బండి కింద ఆగుంది సార్."

"ఆగనియ్యి."

"ఒక్క నిమిషం ఉండమ్మా. పోయిన నెల ఆ సోమవారం గుర్తుందా నీకు? నేల తుడిచావు చూడు."

"ఏ సోమవారం అన్నా?"

"ఆ సంగతులు ఇప్పుడెందుకు? నువ్వెళ్ళమ్మా."

"క్యాన్ పొంగిన సోమవారం."

"ఓ, అదా! ఎందుకు గుర్తులేదన్నా, నడుం విరిగింది ఆ రోజు. గది గదంతా వరద సార్. గుప్పున వాసన. నాకే తల తిరిగింది. అన్న అయితే ముక్కు మూసుకుని వరండాలోకి పరిగెత్తాడు."

"ఎంతసేపున్నా వరండాలో? సారుకి చెప్పు."

"గంట పైనే. గోడ పట్టుకుని నిలబడ్డాడు సార్. చొక్కా అంతా చెమట. నేనేదో గుండెనొప్పనుకున్నా. నీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు. 'అంతా తుడిచేశావా, ఇంకా ఉందా, ఇంకా ఉందా' అని ఒకటే అడగడం. తుడిచిన గుడ్డ కూడా బయట పారేసి రమ్మన్నాడు."

"అయిందా? ఇదిగో సంతకం. వెళ్ళు."

"అన్న మంచోడు సార్."

"వెళ్ళమ్మా! తలుపు దగ్గరగా వేసెళ్ళు."

"విన్నారుగా సార్."

"విన్నా. ఏముంది అందులో? క్యాన్ పొంగింది, ఆమె తుడిచింది."

"ఎందుకు పొంగింది? శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేటప్పుడు క్యాన్‌లో ఇంకా చోటుంది, పంపు ఆపి ఉంది. నేనే చూశా. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున నేను తలుపు తీసేసరికి నేల మీద పారుతోంది. పంపు నడుస్తోంది. సీసాలో సగానికి సగం లేదు. నేనే ఇంకో సీసా తీసి పెట్టా."

"నువ్వే ఆన్ చేసి మర్చిపోయి ఉంటావు."

"చెప్పకూడదనుకున్నా. చచ్చినా చెప్పకూడదనుకున్నా. మీరే చెప్పిస్తున్నారు. మెషీన్ పక్కనున్న కంప్యూటరులో అన్నీ రాసుంటాయి సార్. ఎవరు ఆన్ చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత వదిలారు. అందులోంచి ఒక్క అక్షరం మీరూ చెరపలేరు, నేనూ చెరపలేను. శనివారం సాయంత్రం నాలుగింటికి పంపు ఆన్. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆఫ్. ఆపింది నేను. ఆన్ చేసింది ఎవరి పేరుతోనో చెప్పనా? మీ పేరు. మీ పాస్‌వర్డు. సీసాలోంచి వట్టి ఇథనాలే లాగేలా పెట్టి ఉంది. నలభై గంటలు. గంటకి ముప్పై మిల్లీలీటర్లు. కట్టండి సార్. లెక్కలు రెండుసార్లు కడతారుగా మీరు."

"పన్నెండు వందలు."

"హా. ఇప్పుడు ఊదమంటారా?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమవుతుంది? పెద్దసారు మెషీన్ ఆపకుండా వెళ్ళాడని నలుగురూ చెప్పుకుంటారు. పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. నువ్వు పైకొస్తున్నవాడివి. మీ అక్కకి నువ్వంటే ప్రాణం. అందుకని కడుపులో పెట్టుకున్నా. నీ కోసం. దానికి నువ్వు నాకు చేసిన మర్యాద ఇదీ."

"నన్ను 'నువ్వు' అంటున్నావు."

"అంటా. ఏం చేస్తావు? కూర్చుంటా కూడా. నా కాళ్ళు పీకుతున్నాయి. పో, ఆ కాగితం చింపు. నువ్వు మర్చిపోయావని నేనెవరికీ చెప్పను. ఇద్దరం ఇంటికెళ్దాం."

"మర్చిపోలేదు."

"ఏంటి?"

"పంపు ఆపడం నేను మర్చిపోలేదు బావా."

"మర్చిపోకపోతే?"

"ఆన్ చేసే వెళ్ళా. కావాలని."

"కావాలనా? లీటరుంబావు ఇథనాల్ కావాలని నేలపాలు చేశావా?"

"రిజిస్టరులో తేడా రావాలి. ఇంకే దారీ కనపడలేదు. ఎనిమిది నెలలు చూశాం. నువ్వు తాగట్లేదు. ఇంకేం చెయ్యమంటావు?"

"నేను తాగట్లేదని నువ్వు... ఆగు. ఏమన్నావు?"

"నువ్వు తాగట్లేదు అన్నా."

"అది కాదు. దానికి ముందు. 'చూశాం' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. 'చూశాం'. నువ్వు ఒక్కడివేగా. 'చూశా' అనాలి. ఇంకెవరు?"

"మాటవరసకి వచ్చింది బావా. పట్టుకుని వేలాడకు."

"మాటవరసకి 'చూశా' అనే వస్తుంది. ఎవరు? ఆ ముగ్గురు కుర్రాళ్ళా? పైవాళ్ళా? నన్ను తీసెయ్యమని పైనుంచి చెప్పారా?"

"పైవాళ్ళకి నువ్వున్నావనే తెలియదు."

"మరెవరు?"

"వదిలెయ్. కాగితం చింపేస్తా. ఇదిగో, చూడు, చింపేస్తున్నా."

"చింపకు. చెప్పు. ఎవరు?"

"బావా..."

"ఎవర్రా?"

"అక్క."

"ఏ అక్క?"

"నాకెంతమంది అక్కలున్నారు?"

"హహ్హహ్హ!"

"నవ్వుతావేంటి?"

"నవ్వక? మీ అక్కకి ఇథనాల్ అంటే ఏంటో, మెషీన్ అంటే ఏంటో తెలుసా? నేను పొద్దున డబ్బా పట్టుకుని ఎక్కడికెళ్తానో, ఏం పని చేస్తానో కూడా ఆమె ఒక్కనాడూ అడగలేదు."

"నన్నడిగింది. పోయిన ఏడాది మీ ఇంటికి భోజనానికొచ్చా చూడు, నువ్వు బయటికెళ్ళావు పెరుగు కోసం. అప్పుడు చెప్పా. కొత్త పద్ధతి వస్తోంది, పచ్చ పద్ధతి, అందులో విషం బదులు ఆల్కహాల్ వాడతారు, అచ్చమైంది, తాగడానికి కూడా పనికొస్తుంది అని. ఊరికే, కబుర్లలో. వడ్డిస్తున్న చెయ్యి ఆగిపోయింది. గరిటె అలాగే గాల్లో ఉంది. 'ఆ పని ఆయనకివ్వరా' అంది."

"నా మీద నమ్మకంతో అని ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నా. 'అక్కా, బావకి కష్టమవుతుందే' అన్నా. 'అవుతుంది. ఇవ్వు' అంది."

"అబద్ధం."

"నాకు నువ్వంటే కోపమే బావా. ఎప్పట్నుంచో. కానీ ఇది నా బుర్రకి తట్టే సంగతి కాదు. నేనైతే నిన్ను మామూలుగా తీసేసేవాణ్ణి."

"ఎందుకు? ఆమెకి ఏం తక్కువ చేశా? జీతం చేతిలో పెడతా. ఇల్లు, ఆఫీసు తప్ప మూడో గుమ్మం తొక్కను. అంట్లు తోముతా. ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంటే..."

"ఐదేళ్ళ కిందట కూడా ఇలాగే ఉంటే సరిపోయేది."

"ఆ సంగతి ఎత్తకు."

"ఎత్తుతా. ఏడో నెల. రక్తం పోతోంది. కారు తాళం నీ జేబులో. నువ్వు లోపల గడియపెట్టుకుని పడుకున్నావు, అక్క బయట మెట్ల మీద..."

"నాకు వినపడలేదు."

"వినపడింది. 'ఐదు నిమిషాలాగు' అన్నావు. పక్కింటివాళ్ళు విన్నారు. ఆ మెట్ల మీద గంటన్నర కూర్చుంది. నేనొచ్చి ఎత్తుకెళ్ళా. చీర నా చేతుల్లోనే తడిసిపోయింది. ఆసుపత్రిలో గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు, నువ్వు లేవు కాబట్టి."

"అందుకే కదరా మానేశా! ఆ మర్నాటి నుంచే కదా!"

"అదే కదా ఆమె కర్మ! మర్నాటి నుంచే మంచివాడివైపోయావు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అక్క చెయ్యి పట్టుకుని 'ఎంత మారాడే, నువ్వు అదృష్టవంతురాలివే' అనడం. పోయిన బిడ్డ గురించి ఎవరూ మాట్లాడలేదు. నువ్వు మానేసిన తాగుడు గురించే అందరూ. అక్క వదిలేస్తానంటే అమ్మ ఏమందో తెలుసా? 'తాగేవాణ్ణి వదిలేస్తే లోకం నిన్ను అయ్యో అంటుంది. మానేసినవాణ్ణి వదిలేస్తే నీ మొహాన ఉమ్మేస్తుంది' అంది."

"వదిలేస్తానందా? ఎప్పుడు?"

"ఎప్పుడేంటి? మొదటి ఏడాది, రెండో ఏడాది. తర్వాత అనడం మానేసింది."

"అనడం మానేసిందంటే క్షమించినట్టేగా."

"నీతో అందా, క్షమించానని?"

"అంది... అంటే, అనలేదు. అన్నీ నోటితో అంటారా? నీకు పెళ్ళి కాలేదు, నీకు తెలియదు. నాలుగేళ్ళు నా వైపు సరిగ్గా చూసేది కాదు, నిజమే. కానీ ఈ మధ్య మారింది. ఎనిమిది నెలలుగా చూస్తున్నా. నేను వచ్చే టైముకి గుమ్మంలో నిలబడుతుంది. చెప్పులు విప్పేలోపు దగ్గరికొస్తుంది. మొహంలో మొహం పెట్టి 'వచ్చారా' అంటుంది. ఇంత దగ్గరగా. పెళ్ళైన కొత్తలో కూడా అలా..."

"వాసన చూస్తోంది బావా."

"వాసనా?"

"నువ్వు స్నానానికి వెళ్ళగానే నాకు ఫోన్ చేస్తుంది. రోజూ. 'ఇవాళా లేదురా' అంటుంది. పెట్టేస్తుంది. ఏయ్, ఏడవకు. అద్దాల్లోంచి కనపడుతుంది."

"ఏడవట్లేదు."

"పోయిన నెల ఫోన్లో అది ఏడ్చింది. 'ఈయన ఇంక తాగడురా, నేనిలాగే చస్తా' అంది. ఆ శనివారమే పంపు ఆన్ చేసి వెళ్ళా."

"నువ్వు కల్పిస్తున్నావు. మెషీన్ నిన్ను పట్టించింది కాబట్టి, ఇప్పుడు మీ అక్క కొంగు చాటుకి దూరుతున్నావు. దొంగవి నువ్వు. ఆమె మీద తోస్తున్నావు."

"నీ ఇష్టం."

"ఫోన్ చేస్తా."

"చెయ్యి."

"ఆమెనే అడుగుతా."

"అడిగితే చెప్తుందా? 'అదేంటండీ, నేనెందుకంటా' అంటుంది."

"అయితే అడగను. తాగానని చెప్తా. అవును, అదే చెప్తా. తాగాను అంటే భోరుమంటుంది. గుండె పగిలేలా ఏడుస్తుంది. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తా."

"వద్దు బావా."

"ఏం? భయమేసిందా?"

"వద్దన్నా. ఇక్కడితో ఆపేద్దాం. రేపట్నుంచి నిన్ను ఇథనాల్ లేని పనిలో వేస్తా. ఇథనాల్ ఆ కుర్రాళ్ళు చూసుకుంటారు."

"స్పీకరు పెట్టనా? నువ్వూ వింటావు."

"పెట్టకు. నేను వినను. ఫోన్ లోపల పెట్టు బావా, నా మాట విను..."

"ష్. రింగవుతోంది... ఆఁ, నేనే... లేదు, ఆఫీసులోనే ఉన్నా. మీ తమ్ముడి గదిలో... ఏం కాలేదు, బాగానే ఉన్నా. భోంచేశావా?... ఊఁ. ఒక మాట చెప్పాలి. నువ్వు కూర్చో... కూర్చున్నావా? నేను... తాగాను... ఆఁ. తాగాను. ఇక్కడిదే, పరీక్షలకి వాడేది... ఇవాళ ఒక్కరోజే కాదు, చాన్నాళ్ళ నుంచి. నీకు తెలియకుండా... అవును, మీ తమ్ముడు పట్టుకున్నాడు. కాగితం మీద రాసిమ్మంటున్నాడు... వింటున్నావా?... ఏమేయ్?... వింటున్నావా?"

"బావా, ఉందా లైన్లో?"

"పెట్టేసింది."

"ఏమంది?"

"పెన్నివ్వు."

"పెన్నెందుకు? నువ్వు తాగలేదు. మెషీన్‌లో ఉందిగా, నువ్వే రుజువు చేశావుగా."

"మెషీన్‌ని ఎవరూ అడక్కుండా చూసుకో. పన్నెండు వందలు నా లెక్కలో రాసెయ్. సంతకం ఇక్కడేనా? ఈ గీత మీదా?"

"ఆగు. ఏడ్చిందా? తిట్టిందా? ఏమందో చెప్పు ముందు."

"ఇవాళ తారీఖు ఎంత?"

"బావా! అక్క ఏమంది?"

"హమ్మయ్య అంది."